వాడేదో చేసుంటాడులే

విజయవాడలో ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు తీసుకున్నా ఇంచుమించు ఇదే వరస. నీళ్ల మోటారు, లిఫ్టు రిపేరు, వాచ్‌మన్ జీతం గురించి నడిచే గ్రూపులోకి ఒకరోజు రాత్రి ఓ వీడియో వచ్చిపడుతుంది. పదిమంది చుట్టుముట్టి ఒకణ్ని కొడుతుంటారు. కింద ఒకాయన "బాగా బుద్ధి చెప్పారు" అని రాస్తాడు. నలుగురు బొటనవేలు గుర్తు పెడతారు. ఇంకో పెద్దాయన, గ్రూపులో అందరికన్నా నెమ్మదస్తుడు, "ఊరికే ఎందుకు కొడతారండీ, వాడేదో చేసుంటాడులే" అంటాడు. తెల్లారితే మళ్లీ నీళ్ల మోటారు గొడవ.

ఆ పెద్దాయన మాట గురించే ఇదంతా రాస్తున్నాను. కర్ర పట్టుకున్న పదిమంది సంగతి పోలీసులు, కోర్టులు చూసుకోవాలి. వాళ్లకు వెనక ధైర్యం ఎక్కణ్నించి వస్తోందన్నది మాత్రం సామాజిక మనస్తత్వ శాస్త్రం దశాబ్దాలుగా తవ్వుతున్న ప్రశ్న. దొరికిన జవాబుల్లో చాలావాటికి, మనం టీకొట్టు దగ్గర చెప్పుకునే కారణాలకు పొంతన లేదు.

ముందు ఒక చిక్కు విడదీయాలి. సమర్థించడం వేరు, దిగడం వేరు. క్లార్క్ మెక్‌కాలీ, సోఫియా మొస్కలెంకో అనే ఇద్దరు పరిశోధకులు దీనికోసం రెండు పిరమిడ్లు గీశారు. ఒకటి అభిప్రాయాలది: అడుగున ఏదీ పట్టనివాళ్లు, ఆ పైన సానుభూతి ఉన్నవాళ్లు, ఆ పైన హింసను సమర్థించేవాళ్లు, కొసన "ఇందులో దిగడం నా బాధ్యత" అనుకునేవాళ్లు. రెండోది చేతలది: ఏమీ చేయనివాళ్లు, చట్టం లోపల పనిచేసే కార్యకర్తలు, చట్టం దాటేవాళ్లు, కొసన మామూలు జనం మీద పడి చంపేవాళ్లు. రెండు విడివిడిగా గీయడానికి కారణం ఉంది. మాటల్లో కొస దాకా వెళ్లినవాళ్లలో అత్యధికులు జీవితంలో ఒక్క రాయి విసరరు. విసిరినవాళ్లలో కొందరు సిద్ధాంతం కోసం రానేలేదు. అన్న పిలిచాడనో, స్నేహితుడు లోపల ఉన్నాడనో, ఎవరో అవమానించారనో వచ్చారు. సిద్ధాంతం వాళ్లకు లోపలికి వచ్చాక అబ్బింది. ఇది పట్టించుకోకుండా, ఘాటుగా మాట్లాడిన ప్రతి కుర్రాణ్నీ రేపో మాపో బాంబు పెట్టేవాడిగా చూస్తే, మాటల పిరమిడ్‌లో ఉన్నవాణ్ని మనమే చేతల పిరమిడ్ మెట్ల దగ్గరకు నెట్టినట్టు అవుతుంది.

ఇక పేదరికం, చదువు లేకపోవడం. ఇది అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయిన అపోహ. అలన్ క్రూగర్, జిట్కా మలెచ్‌కోవా 2003లో ప్రచురించిన పరిశీలనలో, దాడుల్లో చనిపోయిన హిజ్బొల్లా (లెబనాన్‌లోని సాయుధ సంస్థ) సభ్యులు తమ చుట్టుపక్కల జనం కన్నా పేదవాళ్లూ కారు, తక్కువ చదివినవాళ్లూ కారు అని తేలింది. పాకిస్తాన్‌లో ఆరువేల మందితో చేసిన సర్వే ఒకటి 2013లో వెలువడింది. అందులో మిలిటెంట్ల మీద ఎక్కువ అయిష్టం చూపింది పేదవాళ్లే. బాంబు పేలేది సంతలో, పోయేది వాళ్ల ప్రాణం కాబట్టి ఇందులో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు.

మరి మంట పెట్టేది ఏది? లేమి కన్నా పోలిక. అందులోనూ ఎలాంటి పోలిక అన్నది ముఖ్యం. "నాకు అన్యాయం జరిగింది" అనుకునేవాడు కుంగిపోతాడు, లేదా ఊరు వదిలి హైదరాబాదు బస్సెక్కుతాడు. "మనవాళ్లకు అన్యాయం జరుగుతోంది" అనుకునేవాడు జెండా పట్టుకుంటాడు. బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త రన్సిమన్ 1966లోనే ఈ రెంటినీ వేరుచేసి చూపాడు. గుంటూరు బ్రాడీపేటలో సొంత ఇల్లు, కొడుకు అమెరికాలో, పొలం కౌలుకిచ్చి హాయిగా ఉన్నాయన నోట "మనవాళ్లను తొక్కేస్తున్నారండీ" అన్న మాట ఎందుకు వస్తుందో ఇక్కడ అర్థమవుతుంది. ఆయన తన పాసుబుక్కు చూసి మాట్లాడటం లేదు. తన గుంపు లెక్క చూసి మాట్లాడుతున్నాడు.

ఆ గుంపు ఎంత తేలిగ్గా పుడుతుందో హెన్రీ టాజ్‌ఫెల్ 1970ల మొదట్లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ స్కూలు పిల్లలతో చూపించాడు. పద్నాలుగు, పదిహేనేళ్ల కుర్రాళ్లు. తెర మీద ఎన్ని చుక్కలు ఉన్నాయో ఊహించమన్నారు, ఇంకోసారి ఇద్దరు చిత్రకారుల బొమ్మల్లో ఏవి నచ్చాయో అడిగారు. ఆ వంకతో, నిజానికి ఇష్టం వచ్చినట్టు, రెండు గుంపులు చేశారు. ఎవరు ఏ గుంపో ఒకరికొకరికి తెలియదు. తర్వాత ఒక కాగితం ఇచ్చి, మీ గుంపులో ఒకడికి, అవతలి గుంపులో ఒకడికి పాయింట్లు పంచమన్నారు. ఆ పాయింట్లకు డబ్బులు వస్తాయి.

ఆ కాగితం కాస్త దగ్గరగా చూడాలి. జతలు అచ్చువేసి ఉంటాయి, ఒక్కటే ఎంచుకోవాలి. ఒక కొసన మనవాడికి 7, అవతలివాడికి 1. మధ్యలో 13, 13. ఇంకో కొసన మనవాడికి 19, అవతలివాడికి 25. మనవాడికి డబ్బు రావడమే కావాలంటే కళ్లు మూసుకుని 19 దగ్గర టిక్కు పెట్టాలి. కుర్రాళ్లు చాలామంది 12, 11 చుట్టుపక్కల ఆగారు. కొందరు 7, 1 వైపు జరిగారు. అంటే మనవాడు పన్నెండు పాయింట్లు పోగొట్టుకున్నా సరే, అవతలివాడు మనకన్నా కిందే ఉండాలి. ముఖం తెలియని గుంపు కోసం, వయసొచ్చీ రాని పిల్లలు చేసిన లెక్క ఇది. మన దగ్గర గుంపులకు చుక్కలు లెక్కపెట్టాల్సిన పనిలేదు. ఇంటిపేరు ఉంది, కులం ఉంది, పార్టీ ఉంది, హీరో ఉన్నాడు, బెంజ్ సర్కిల్ దగ్గర కట్టే ఫ్లెక్సీ సైజు ఉంది.

గుంపు ఒకసారి గట్టిపడ్డాక అవతలివాళ్లంతా ఒకే ఒళ్లులా కనిపిస్తారు. అప్పుడు ఒకడు చేసినదానికి ఇంకొకణ్ని కొట్టడం న్యాయంగానే తోస్తుంది. విజయవాడకు ఇది పుస్తకాల్లో సంగతి కాదు. 1988 డిసెంబరు 26న వంగవీటి మోహనరంగా హత్య జరిగాక నగరంలోనూ కోస్తా జిల్లాల్లోనూ కాలిన దుకాణాల, సినిమా హాళ్ల యజమానుల్లో ఆ హత్యతో సంబంధం లేనివాళ్లే ఉన్నారు. వాళ్ల నేరమల్లా "వాళ్ల" మనుషులు కావడం.

ఇప్పుడు పెద్దాయన మాట దగ్గరకు వద్దాం. "ఏదో చేసుంటాడులే" అన్నది క్రూరత్వం వల్ల రాదు. ఇది చాలామందికి మింగుడుపడదు గానీ నిజం. మెల్విన్ లెర్నర్ 1966లో చేసిన ప్రయోగంలో, తప్పు జవాబు చెప్పినప్పుడల్లా ఒకామెకు కరెంటు షాకు కొడుతున్నట్టు విద్యార్థినులకు చూపించారు. షాకులన్నీ నటనే. షాకులు ఆపించే వీలు ఇచ్చినప్పుడు, చూసేవాళ్లు ఆపించారు, ఆమె మంచిదే అన్నారు. ఏమీ చేయలేక చూస్తూ కూర్చోవాల్సి వచ్చినవాళ్లు ఆమెలో తప్పులు వెతికారు. మంచివాళ్లకు మంచే జరుగుతుందన్న నమ్మకం చెదిరితే బతకడం కష్టం. అందుకని నమ్మకాన్ని ఉంచుకుని బాధితుణ్ని వదిలేస్తాం. ఫోను చేతిలో పట్టుకుని ఏమీ చేయలేని స్థితిలో వీడియో చూసేవాడు సరిగ్గా ఆ రెండో రకం గదిలో ఉన్నాడు.

మనస్సాక్షికి ఇలా తాళం వేసే పద్ధతులను ఆల్బర్ట్ బండూరా ఎనిమిదిగా విడదీశాడు. ఎనిమిదీ వల్లె వేయను. తెలుగులో రోజూ వినపడేవి చెబుతాను, చెవి అలవాటు పడుతుంది. "లేపేశారు", "వేసేశారు", "బుద్ధి చెప్పారు": చంపడం, కొట్టడం అన్న క్రియను మాటలోంచి తీసేయడం. "వాళ్లు చేసిందాంతో పోలిస్తే ఇదెంత": ఇంకా పెద్ద నేరంతో పోల్చి దీన్ని చిన్నది చేయడం. "పైనుంచి చెప్పారు, చేశాం": బాధ్యత పైకి. "అందరూ కొట్టారు, నేనొక్కణ్నా": బాధ్యత పక్కకు. "వాళ్లే కోరి తెచ్చుకున్నారు": బాధ్యత బాధితుడి మీదకు. ఇక చివరిది, అన్నిటికన్నా ప్రమాదమైనది, అవతలివాణ్ని పురుగనో జంతువనో పిలవడం. 1994లో రువాండాలో టుట్సీ తెగవాళ్ల ఊచకోత జరుగుతున్నప్పుడు ఆర్‌టీఎల్‌ఎమ్ అనే రేడియో వాళ్లను "బొద్దింకలు" అని పిలుస్తూ పోయింది.

మనుషుల్ని లెక్కలోంచి తీసేయడానికి తిట్టే పదం కూడా అక్కర్లేదు. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. గొడవకు మొదలు సినిమా హాల్లో కాలు తగలడం. ఆ గొడవకూ హత్యలకూ మధ్య జరిగింది సాంఘిక బహిష్కరణ: పనికి పిలవరు, మాట్లాడరు. రోజూ ఎదురుపడే మనిషితో మాట ఆగిపోయినప్పుడు, అతని గురించి ఏ పుకారు వచ్చినా అడిగి తేల్చుకునే దారి మూసుకుపోతుంది. ఊరు ఈ దశలో ఉన్నప్పుడే జోక్యం చేసుకోవాలి. కర్రలు బయటికొచ్చాక మాట్లాడటానికి మనస్తత్వ శాస్త్రం దగ్గర పెద్దగా ఏమీ లేదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది మౌనం. ఆ అపార్ట్‌మెంట్ గ్రూపులో వీడియో పెట్టినాయన కాక నూట ఇరవై మంది ఉన్నారనుకుందాం. మెచ్చుకున్నవాళ్లు, బొటనవేళ్లు, పెద్దాయన అంతా కలిపి ఆరుగురు. నూట పద్నాలుగు మంది ఏమీ అనలేదు. వాళ్లలో చాలామందికి వీడియో చూసి కడుపులో తిప్పింది. కానీ ప్రతి ఒక్కరికీ కనిపించేవి ఆ ఆరుగురి గుర్తులు, మిగతావాళ్ల మౌనం. "నేనొక్కణ్నే ఇలా అనుకుంటున్నాను కాబోలు" అని ఎవరికి వాళ్లు ఊరుకుంటారు. నూట పద్నాలుగు మౌనాలు నూట పద్నాలుగు అంగీకారాలుగా చెలామణీ అవుతాయి. వీడియో పెట్టినాయనకు గ్రూపు మొత్తం తన వెనక ఉన్నట్టే అనిపిస్తుంది, ఇంకోసారి ఇంకాస్త ఘాటైనది పెడతాడు.

ఈ తప్పు అంచనా అవతలి పక్షం గురించి ఇంకా పెద్దది. అమెరికాలో రెండు పార్టీల వాళ్లనూ "అవతలి పార్టీవాళ్లు హింసను ఎంత సమర్థిస్తారు" అని అడిగితే, నిజంగా ఉన్నదానికి ఎన్నో రెట్లు ఎక్కువ చెప్పారు. అసలు అంకె చూపించగానే వాళ్ల సొంత సమర్థన తగ్గింది, ఆ తగ్గుదల దాదాపు నెల తర్వాత కూడా కనిపించింది. ఈ పరిశోధన 2022లో అచ్చయింది. "వాళ్లు కత్తి తీస్తారు కాబట్టి మనం ముందే తీయాలి" అన్న వాదనకు పునాది చాలాసార్లు ఒక తప్పు అంకె అన్నమాట. 2019లో బార్సిలోనాలో ఉంటున్న పాకిస్తానీ మగవాళ్ల మీద జరిగిన పరిశోధన కూడా ఇటే చూపిస్తుంది. తాము పవిత్రమనుకునే విషయం కోసం ఎంతవరకు పోరాడతారు, చస్తారు అని అడిగి, "మీ తోటివాళ్లు ఇంతవరకు వెళ్లరు" అని చూపిస్తే తమ అంకె తగ్గించుకున్నారు. అవతలివాడి నీతిబోధ ఈ పని చేయలేదు. తోటివాళ్ల అంకె చేసింది.

అందుకే అసలు సమర్థన ఎంతో సరిగ్గా కొలవడం పండితుల సరదా కాదు, మందులో భాగం. ఇక్కడ మన సర్వేలు ఘోరంగా దెబ్బతింటాయి. "మీరు హింసను సమర్థిస్తారా?" అని నేరుగా అడిగితే రెండు రకాల చెత్త వస్తుంది. భయపడేవాడు కాదంటాడు. సరిగ్గా వినకుండా టకటకా టిక్కులు పెట్టేవాడు అవునంటాడు. షాన్ వెస్ట్‌వుడ్ బృందం 2022లో చూపించింది ఇదే: శ్రద్ధ లేని జవాబులు, "హింస" అంటే ఏమిటో చెప్పని ప్రశ్నలు, రెండూ కలిసి సమర్థనను ఉన్నదానికన్నా పెంచి చూపిస్తాయి. రాయి విసరడమా, ఇల్లు తగలబెట్టడమా, చంపడమా అన్నది ప్రశ్నలోనే ఉండాలి. మన దగ్గర దీనికి ఇంకో ఇబ్బంది తోడవుతుంది. సర్వేకి వచ్చిన కుర్రాణ్ని ముందు "ఏ ఊరు బాబూ, ఇంటిపేరేంటి?" అని అడుగుతారు. ఆ జవాబుతో కులం తెలిసిపోతుంది, తర్వాతి జవాబులన్నీ దాన్ని బట్టి మారతాయి.

దీనికి విరుగుడుగా వాడేది జాబితా పద్ధతి. చేయాలంటే ఇలా. పన్నెండు వందల మందిని తీసుకుని చీటీ వేసి ఆరేసి వందలుగా విడదీయండి. మొదటి సగానికి మూడు వాక్యాలు చదవండి, ఉదాహరణకు పన్నుల గురించి ఒకటి, బస్సు చార్జీల గురించి ఒకటి, పరీక్షల గురించి ఒకటి. "వీటిలో ఎన్నిటిని ఒప్పుకుంటారో అంకె మాత్రం చెప్పండి, ఏవో చెప్పొద్దు" అనండి. రెండో సగానికి అవే మూడూ, దాంతోపాటు నాలుగోది: "మన నాయకుణ్ని తిట్టినవాడి ఇంటి మీద దాడి చేయడం తప్పు కాదు." మొదటి సగం సగటు 1.6, రెండో సగం సగటు 1.8 వచ్చిందనుకోండి, తేడా 0.2. అంటే నూటికి ఇరవై మంది ఒప్పుకున్నట్టు. ఎవరు ఒప్పుకున్నారో అడిగినవాడికి కూడా తెలియదు, అందుకే నిజం చెబుతారు.

ఇది చెడిపోయేది ఎక్కువగా మూడు మామూలు వాక్యాల దగ్గర. మూడూ అందరూ ఒప్పుకునేవి పెడితే రెండో సగంలో ఒప్పుకునేవాడు "నాలుగు" అనాలి, గుట్టు బయటపడుతుంది. కాబట్టి చెప్పడు. ఒకదాన్ని ఒప్పుకున్నవాడు ఇంకోదాన్ని కాదనేటట్టు ఎంచుకోవాలి. ఇంకొకటి: ఈ పద్ధతిలో తప్పుకు అవకాశం వెడల్పుగా ఉంటుంది. రెండు వందల మందితో చేసి పేపరుకెక్కితే ఆ అంకెకు విలువ లేదు.

ఏం చేస్తే తగ్గుతుంది అన్నదానికి వస్తే, డబ్బుతో కొనొచ్చు అనుకోవడం ఒక పెద్ద పొరపాటు. జెరెమీ గింజస్, స్కాట్ అట్రాన్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పాలస్తీనీయుల్లోనూ ఇజ్రాయెలీ సెటిలర్లలోనూ (పాలస్తీనా ప్రాంతాల్లో స్థిరపడినవాళ్లు) పవిత్రంగా పట్టుకున్న విషయం మీద రాజీకి డబ్బు ఆశ చూపితే కోపం, హింసకు మద్దతు ఇంకా పెరిగాయి. అవతలివాళ్లు తమకు పవిత్రమైనదేదో వదులుకుంటేనో, క్షమాపణలాంటిది ఇస్తేనో తగ్గాయి. పరిహారం చెక్కు ఇచ్చి గ్రామాన్ని శాంతపరచాలనుకునే అధికారులు ఈ వాక్యం గోడ మీద రాసిపెట్టుకోవాలి.

రెచ్చగొట్టే మాటలకు ముందే మనసును సిద్ధం చేసే పద్ధతి ఒకటుంది, దాన్ని టీకా అంటారు; బాగా పనిచేసేది ముందుగా వేసినప్పుడు. 1960ల నుంచి ఉన్నదే. ముందు హెచ్చరిక: "నిన్ను ఇలా రెచ్చగొట్టడానికి ప్రయత్నిస్తారు." తర్వాత ఆ వాదనను పలచగా, విషం తగ్గించి వినిపించడం. తర్వాత దాన్ని ఎలా కొట్టాలో పిల్లల చేతే చెప్పించడం. కొన్ని వారాలకు బలం తగ్గుతుంది, మళ్లీ ఒక మోతాదు కావాలి. ఏటా ఒక్కసారి కాలేజీ ఆడిటోరియంలో రెండు గంటల ఉపన్యాసం పెట్టి వదిలేస్తే ఫలితం ఉండదు. వాదనను విన్నారు గానీ కొట్టడం సాధన చేయలేదు.

కలిసి తినడం, కలిసి ఉండటం గురించి మనకు పల్నాడు ఉంది. బ్రహ్మనాయుడు మాచర్లలో అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడన్నది వీరగాథలో మాట. రెండు గుంపులు కలిసినప్పుడు వాటి మధ్య ద్వేషం తగ్గాలంటే ఉండాలని గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పిన నాలుగు షరతులతో దీన్ని పోల్చి చూడండి: సమాన హోదా, ఒకటే లక్ష్యం, కలిసి పని, పైఅధికారం అండ. చాప మీద మొదటి మూడూ ఉన్నాయి. నాలుగోది సగమే ఉంది. మాచర్ల వైపు అది ఆదర్శం, గురజాల వైపు అది ధిక్కారం. చివరికి కారంపూడి యుద్ధం తప్పలేదు. మన ఊళ్లలో సహపంక్తి భోజనాలు పెట్టేవాళ్లు చాలాసార్లు ఇక్కడే జారిపోతారు: రెండు వైపుల పెద్దలూ కూర్చున్నారా, వడ్డించేది ఎవరు, గిన్నెలు కడిగేది ఎవరు. ఒక వైపు వాళ్లే ప్రతిసారీ వడ్డిస్తే అది కలిసి తినడం కాదు.

మనసులు మార్చకుండా కూడా పని జరుగుతుందని ఎలిజబెత్ పాలక్ రువాండాలో చూసింది. రెండు పక్కపక్క ఊళ్ల గొడవ, రాజీ గురించిన రేడియో నాటకాన్ని ఏడాదిపాటు కొన్ని ఊళ్లకు వినిపించారు, మిగతావాళ్లకు ఆరోగ్యం గురించిన నాటకం. 2009లో అచ్చయిన ఫలితం: సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. "మన ఊళ్లో ఏది మర్యాద, ఏది కాదు" అన్న అంచనా మారింది, నడత మారింది. నమ్మకం దాకా పోకుండానే.

కాబట్టి ఆ గ్రూపులో ఏం రాయాలంటే, కొద్దిగానే. ఏ గీత ఏ గీతతో సమానమో చెప్పమనే సాలొమన్ ఆష్ ప్రయోగంలో గదిలో అందరూ కావాలని తప్పు చెబుతుంటే, నిజం చెప్పే ఒక్క తోడు దొరికినప్పుడు, తప్పుకు లొంగడం నాలుగో వంతుకు పడిపోయింది. మీరు ఆ ఒక్కరు కావాలి, అదీ తొందరగా, బొటనవేళ్లు పదికి చేరకముందే. "ఆయన ఏం చేశాడో మనకెవరికీ తెలీదండీ. చేసినా కొట్టే హక్కు వాళ్లకు లేదు. ఇలాంటివి ఇక్కడ వద్దు, పిల్లలు కూడా చూస్తున్నారు." వీడియో పెట్టినాయన పేరు ఎత్తొద్దు, నలుగురిలో పరువు పోతే మాట వెనక్కి తీసుకోడు, మరింత గట్టిగా నిలబడతాడు. "వాడు" అన్న చోట "ఆయన" అని రాయడం మర్చిపోవద్దు. రాసే ముందే పై ఫ్లోరులో ఒకరికి ఫోను చేసి, "నేను ఒక మెసేజ్ పెడుతున్నాను, రెండు నిమిషాల్లో మీరూ కింద 'అవునండీ' అని రాయండి" అని అడగండి. రెండో పేరు పడ్డాక మూడోది, నాలుగోది వాటంతటవే వస్తాయి. పెద్దాయనకు గ్రూపులో జవాబు ఇవ్వక్కర్లేదు. సాయంత్రం లిఫ్టు దగ్గర కనిపిస్తే, "బాబాయిగారూ, ఆ వీడియోలో అతను ఎవరో, ఏ ఊరో తెలిసిందా?" అని అడిగి, ఆయన చెప్పేది వినండి.